నిప్పును మోసే కర్ర

కర్ర మండుతుంది, పొగాకు పైపులో నిప్పు రగులుతూనే ఉంటుంది, అయినా తగిన కర్రతో తగిన విధంగా చేసిన పైపు కొన్ని దశాబ్దాలపాటు కాలిపోకుండా నిలుస్తుంది. పరస్పరం పొసగనట్టు కనిపించే ఈ మూడు విషయాలూ ఒకేసారి నిజం కావడానికి కారణమేమిటని వెతికితే, వృక్షశాస్త్రం, ఉష్ణశాస్త్రం, ప్రవాహశాస్త్రం మూడూ పిడికిట్లో ఇమిడే ఒక వస్తువు దగ్గర కలుసుకుంటాయి. పైపుల తయారీని బతుకుతెరువుగా కాక తీరికవేళల వ్యాపకంగా చేపట్టినవారు ఐరోపాలోనూ, అమెరికాలోనూ, జపానులోనూ ఉన్నారు. వారిలో చాలామందిని ఈ పనిలోకి లాగేది నున్నటి ఆకారమూ, కర్ర మీది చారల అందమూ అయినా, నాలుగు ముక్కలు పాడయ్యాక తెలిసివచ్చేది వేరు: పైపు బాగోగులను ఎక్కువగా నిర్ణయించేది కర్రలో తొలిచిన ఖాళీ.

పైపులో పొగాకు నింపే భాగాన్ని గిన్నె అనీ, దాని లోపలి తొలుపును గుంత అనీ, గిన్నెనుంచి పక్కకు సాగే కర్ర భాగాన్ని మెడ అనీ, మెడలోకి దిగి నోటిదాకా వచ్చే వేరే ముక్కను కాడ అనీ, కాడ చివర పళ్ల మధ్య ఇమిడే పలచని అంచును పంటిపట్టు అనీ ఈ అధ్యాయంలో వ్యవహరించవచ్చు. గుంత అడుగున మొదలై మెడ, కాడల గుండా పంటిపట్టు దాకా సాగే సన్నని రంధ్రం పొగదారి.

మొదట వేడి లెక్క చూడాలి. ఒక గిన్నెడు పొగాకు బరువు సుమారు 2 నుంచి 3 గ్రాములుంటుంది. ఎండిన మొక్కల పదార్థం ఒక గ్రాము పూర్తిగా కాలితే దాదాపు 15 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది కాబట్టి, మూడు గ్రాములకు 45 కిలోజౌళ్లు వస్తాయి. ఆ పొగాకు 50 నిమిషాలపాటు నిదానంగా కాలితే వేడి వెలువడే సగటు సామర్థ్యం 15 వాట్ల దగ్గర తేలుతుంది. తెలుగు ఇళ్లలో రాత్రిపూట వెలిగే పాత జీరో వాట్ బల్బు, పేరులో సున్నా ఉన్నా, నిజానికి తినే కరెంటు కూడా ఇంచుమించు అంతే. పైగా ఈ వేడిలో కొంత పొగతో పోతుంది, కొంత గిన్నె నోటినుంచి గాలిలో కలుస్తుంది. గోడకు చేరేది మిగిలిన భాగమే. అదే పొగాకును పావుగంటలో ఊదిపారేస్తే సామర్థ్యం 50 వాట్లకు చేరుతుంది, అంత వేడిని బయటికి పంపే తీరిక గోడకు ఉండదు. కొత్త పైపులు కాలిపోవడానికి నాసి కర్ర ఎంత కారణమో ఆత్రపు పీల్పు కూడా అంతే కారణమని అనుభవజ్ఞులు చెప్పే మాటకు ఈ లెక్కలో ఆధారం దొరుకుతుంది.

కర్ర ఒక్కసారిగా అంటుకోదు. దానిలోని మూడు ప్రధాన పదార్థాల్లో హెమిసెల్యులోజు సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది, సెల్యులోజు 315 నుంచి 400 డిగ్రీల మధ్య వేగంగా విడిపోతుంది, లిగ్నిన్ మాత్రం అంతకన్నా చాలా విశాలమైన ఉష్ణోగ్రతల పరిధిలో మెల్లగా విడిపోతూ ఎక్కువ బొగ్గును మిగులుస్తుంది. వేడివల్ల పదార్థం ఇలా చిన్న అణువులుగా విడిపోవడాన్నే ఉష్ణవిఘటనం అంటారు. వెలువడిన వాయువులకు ఆక్సిజన్ అందితేనే మంట పుడుతుంది. అందకపోతే పైపొర బొగ్గుగా మారి, ఆ బొగ్గు తన సూక్ష్మరంధ్రాల వల్ల కింది కర్రకు వేడి చేరకుండా అడ్డుపడుతుంది. మందపాటి దూలాలు అగ్నిప్రమాదంలో నిమిషానికి ఒక మిల్లీమీటరుకన్నా తక్కువ చొప్పున మాత్రమే బొగ్గుగా మారుతూ చాలాసేపు బరువు మోయడానికి కారణం ఇదే. పైపు గుంతలో గాలి పైనుంచి పొగాకు గుండా కిందికి లాగబడుతుంది. గోడను ఆనుకొని బూడిదో కాలని పొగాకో ఉంటుంది కాబట్టి గోడకు ఆక్సిజన్ తక్కువగా అందుతుంది. మొదటి కొన్ని వాడకాల్లో గోడ కొద్దిగా నల్లబడి, దాని మీద పొగాకు తారుతో కూడిన గట్టి బొగ్గుపూత పేరుకుంటుంది. ఈ పూత ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉంటే కవచం, అంతకు మించితే శత్రువు. వేడికి బొగ్గు, కర్ర ఒకే తీరుగా వ్యాకోచించవు కాబట్టి మందపాటి పూత గిన్నెను లోపలినుంచి నెట్టి పగలగొట్టగలదు.

ఐరోపాలో పొగతాగే అలవాటు వ్యాపించిన తొలి రెండు శతాబ్దాల్లో రాజ్యమేలింది మట్టి పైపు. ఇంగ్లండులోనూ, నెదర్లాండ్స్‌లోని గౌడా పట్టణంలోనూ లక్షల సంఖ్యలో తయారైన ఈ తెల్లమట్టి పైపులు చవకే కాని, కాల్చిన మట్టి కర్రకన్నా కొన్ని రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందుకే గిన్నె చేతిని కాల్చేది, కాడను పొడుగ్గా లాగవలసివచ్చేది, పొడుగు కాడ చిన్న దెబ్బకే విరిగేది. టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో దొరికే మీర్షామ్ అనే తెల్లని, తేలికైన మెగ్నీషియం సిలికేట్ ఖనిజం వేడిని బాగా ఆపుతుంది గాని, ఖరీదైనది, కింద పడితే ముక్కలయ్యేది. చెర్రీ, బాక్స్‌వుడ్ వంటి మామూలు కర్రలతో పైపులు చేసినవారూ ఉన్నారు. జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో బుడిపె కర్రను చెక్కి, కాలకుండా లోపల లోహపు రేకు తొడిగేవారు. ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలో పెరిగే వంకర మెడ సొరకాయను ఎండబెట్టి అందులో మీర్షామ్ గిన్నెను అమర్చే పద్ధతి తర్వాత వచ్చింది. తెలుగు పల్లెల్లో నీళ్లకూ విత్తనాలకూ వాడిన సొరబుర్ర, ఈ పైపు కాయ ఒకే జాతి మొక్కవి. నాటకాలూ సినిమాలూ షెర్లాక్ హోమ్స్ నోట్లో స్థిరపరిచింది ఈ సొరకాయ పైపునే అయినా, కోనన్ డాయిల్ కథల్లో ఆ పాత్ర తాగేది మట్టి, చెర్రీ, బ్రయర్ పైపులు.

చివరికి పోటీలో గెలిచింది బ్రయర్. 19వ శతాబ్దం మధ్యకల్లా ఫ్రాన్సు తూర్పున జూరా పర్వతాల్లోని సెయింట్ క్లోడ్ పట్టణంలో, అప్పటికే తరిణె మీద బాక్స్‌వుడ్ వస్తువులు తిప్పడంలో ఆరితేరిన పనివాళ్లు ఈ కొత్త కర్రను అందిపుచ్చుకున్నారు. కర్ర ఆ కొండల్లోది కాదు. మధ్యధరా తీరంనుంచి రావలసిందే. నైపుణ్యం ముందే ఉన్నచోటికి ముడిసరుకు నడిచివెళ్లిన సందర్భమిది.

మధ్యధరా గుట్టల వేరుబుడిపె

బ్రయర్ అనేది ఎరికా ఆర్బోరియా అనే పొద వేరుమొదలు. కోర్సికా, సార్డీనియా, ఇటలీలోని టస్కనీ, కలాబ్రియా, గ్రీసు, స్పెయిన్, అల్జీరియా, మొరాకో ప్రాంతాల ఆమ్లనేలల్లో, మాకీ అని పిలిచే దట్టమైన పొదల అడవుల్లో ఇది పెరుగుతుంది. వసంతంలో చిన్న తెల్లని పూలతో నిండిపోతుంది. కాండం సన్నం, పైపుకు పనికిరాదు. కాండం, వేరు కలిసేచోట భూమిలో కొద్దిగా పైకీ ఎక్కువగా లోపలికీ ఉబ్బిన గట్టి బుడిపె ఒకటి ఏర్పడుతుంది. వృక్షశాస్త్రజ్ఞులు లిగ్నోట్యూబర్ అని వ్యవహరించే ఈ భాగంలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది, నిద్రాణమైన మొగ్గలు వందలుగా పొదిగి ఉంటాయి. వేసవి కార్చిచ్చు పైపొదనంతా బూడిద చేసినా, వానలు పడగానే ఈ మొగ్గలు నిల్వ ఆహారంతో కొత్త చిగుళ్లు వేస్తాయి.

ఈ విషయం తెలిసినవారిలో చాలామంది వెంటనే ఒక ముగింపుకు దూకుతారు: నిప్పును తట్టుకునేందుకే ప్రకృతి తయారుచేసిన కర్ర కాబట్టి పైపులో కాలదని. వినడానికి ముచ్చటగా ఉన్న ఈ వాదం నిలవదు. బుడిపె కార్చిచ్చులో బతికేది అది మండని పదార్థం కావడం వల్ల కాదు, మట్టి కప్పి ఉండడం వల్ల. కొన్ని సెంటీమీటర్ల మట్టి చాలు, పైన నిప్పు ఎంత ఉన్నా కింద మొగ్గలు చావవు. తవ్వితీసిన బ్రయర్ ముక్కను పొయ్యిలో వేస్తే తక్కిన కర్రల్లాగే కాలుతుంది. పైపుకు అది ఒదిగిన కారణాలు వేరు. నెమ్మదిగా పెరిగినందువల్ల కర్ర సాంద్రంగా ఉంటుంది. అంటే కొద్ది మందంలోనే ఎక్కువ పదార్థం ఉండి, దాన్ని వేడెక్కించడానికి ఎక్కువ శక్తి కావాలి. దానికన్నా ముఖ్యమైనది నారల అమరిక.

మామూలు కాండంలో కణాల నారలన్నీ ఒకే దిశలో, నిలువునా సాగుతాయి. కర్ర ఆరినప్పుడు ఆ నిలువు దిశలో కుంచించుకుపోవడం వెయ్యికి ఒకటి రెండు భాగాలకు మించదు. వలయాలను అంటిపెట్టుకొని సాగే అడ్డ దిశలో మాత్రం చాలా రెట్లు ఎక్కువ, కేంద్రంనుంచి బయటికి సాగే దిశతో పోల్చినా దాదాపు రెండింతలు. ఈ అసమానత వల్లే దుంగలు ఎండలో నెర్రెలిస్తాయి; వేడి, తేమ మాటిమాటికీ మారే పైపు గిన్నెలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. బుడిపెలో నారలు వందల మొగ్గల చుట్టూ తిరుగుతూ, ఒకదాన్నొకటి పెనవేసుకుంటూ సాగుతాయి కాబట్టి ఒక పగులు మొదలైనా తిన్నగా పరుగుతీసేందుకు దారి దొరకదు. బుడిపె మధ్యనుంచి బయటి బెరడు వైపు చూస్తే ఆ నారలే కిరణాల్లాగా విస్తరించి ఉంటాయి. వాటిని పొడవునా కోస్తే నిటారు చారలు, అడ్డంగా కోస్తే పక్షి కళ్లవంటి చిన్న చుక్కలు కనిపిస్తాయి. ఒకే గిన్నె పక్కల మీద నిటారు చారలూ, మీదా అడుగునా చుక్కలూ ఉండేలా ముక్కను తిప్పి కోయగలిగితే, దానికి పలికే ధర మామూలు పైపు ధరకు చాలా రెట్లు ఉంటుంది. పొగతాగడానికి మాత్రం రెండింటి మధ్యా తేడా ఏమీ లేదు.

పనికివచ్చే పరిమాణానికి బుడిపె పెరగాలంటే కొన్ని దశాబ్దాలు పడుతుంది. తవ్వినవారు దాన్ని ఎండ తగలకుండా తడిపిన గోనెల కింద, నీడలో ఉంచుతారు. లోపల నీరు నిండిన ముక్క పైపొర తొందరగా ఆరితే, లోపలి భాగం కుంచించుకోకముందే పైభాగం బిగిసి చీలుతుంది. రంపపు మిల్లులో కోతకు కూర్చునేవాడికి ఉండవలసిన చూపు వైద్యుడి చూపు వంటిది. మట్టి, రాళ్లు, కుళ్లు చేరిన భాగాలను తప్పిస్తూ, తిరుగుడు రంపానికి వేళ్లు దగ్గరగా పెట్టి, లోపలి భాగంనుంచి చిన్న ముక్కలూ, బెరడు అంటుకున్న బయటి భాగంనుంచి పెద్ద పలకలూ తీస్తాడు. తర్వాత ఆ ముక్కలను పెద్ద కాగుల్లో గంటల తరబడి, చాలాచోట్ల పన్నెండు గంటలకు పైగా, మరిగించి నెలల తరబడి నీడలో ఆరబెడతారు. మరిగే నీరు చేదు టానిన్లనూ, చెట్టురసాలనూ కడిగివేస్తుందన్నది అందరూ చెప్పే కారణం. దానికి తోడు, తడిసిన లిగ్నిన్ 80 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడుతుంది కాబట్టి పెరుగుదల కాలంలో కర్రలో బిగుసుకున్న ఒత్తిళ్లు మరిగేటప్పుడు సడలిపోతాయి. ఆరే దశలో పగుళ్లు తగ్గడానికి ఇది తోడ్పడుతుంది. ఇంత జాగ్రత్త తర్వాత కూడా కర్ర లోపల గాలిబుడగల వంటి గుంటలూ, చిన్న రాతిరేణువులూ దాగి ఉంటాయి. చెక్కడం చివరిదాకా వస్తేగాని బయటపడని ఈ లోపాలే వ్యాపకంగా పైపు చేసేవారి ఓపికకు పరీక్ష.

రంధ్రాల లెక్క

ఇంట్లో పని మొదలుపెట్టేవారికి రెండు దారులున్నాయి. రంధ్రాలు వేసి, కాడ బిగించి అమ్మే బ్రయర్ ముక్క కొని కేవలం చెక్కుకోవచ్చు. లేదా ఖాళీ ముక్క కొని అన్నీ సొంతంగా చేయవచ్చు. మొదటి దారిలో కావలసినవి సన్నని రంపం, గరుకైనవీ నున్ననివీ రెండు మూడు ఆకురాళ్లు, గరుకు కాగితాలు, బిగించి పట్టుకునే ఒక పట్టకర్ర, అంతే. రెండో దారిలో నిలువు డ్రిల్లింగ్ యంత్రమో చిన్న తరిణెయో తప్పదు. మొదటి దారి వల్ల చేయి తిరుగుతుంది, రెండో దారి వల్ల పైపు అర్థమవుతుంది.

సాధారణ పరిమాణాలు ఇలా ఉంటాయి: గుంత వ్యాసం 19 నుంచి 20 మిల్లీమీటర్లు, లోతు 35 నుంచి 45, గోడ మందం కనీసం ఆరేడు, పొగదారి వ్యాసం మూడున్నర నుంచి నాలుగు. మెడలో కాడ దిగే బెజ్జం వ్యాసం సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. అందులో ఇమిడే కాడ చివరి భాగాన్ని వడ్రంగుల మాటలో కుసి అనవచ్చు. ఈ అంకెలన్నిటిలో పొగదారి వ్యాసమే అత్యంత సున్నితమైనది. ఫ్రెంచి శాస్త్రవేత్త పోయిజుయి 1840ల్లో నిరూపించిన సూత్రం ప్రకారం, సన్నని గొట్టంలో పొరలుపొరలుగా నిదానంగా సాగే ప్రవాహం, ఒకే పీడనానికి, వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మూడు మిల్లీమీటర్ల రంధ్రాన్ని నాలుగుకు పెంచితే ప్రవాహం పెరిగేది మూడో వంతు కాదు, మూడు రెట్లకు పైగా. రెండు సెకన్లలో 50 మిల్లీలీటర్ల పొగ లాగితే నాలుగు మిల్లీమీటర్ల దారిలో దాని వేగం సెకనుకు సుమారు రెండు మీటర్లు. ఆ వేగంలో ప్రవాహం సుడులు లేకుండా పొరలుగానే సాగుతుంది కాబట్టి సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. దారి ఇరుకైతే గట్టిగా లాగాలి, గట్టిగా లాగితే నిప్పు రాజుకుంటుంది, నిప్పు రాజుకుంటే గోడ కాలుతుంది. ఒక మిల్లీమీటరు తేడా కర్ర ఆయుష్షును నిర్ణయించే తీరు ఇది.

కాడలో చిక్కు మరోరకం. కర్రలో గుండ్రంగా ఉన్న దారి, పంటిపట్టు దగ్గర పలచని చీలికగా మారాలి. నాలుగు మిల్లీమీటర్ల వృత్తం వైశాల్యం సుమారు 12.6 చదరపు మిల్లీమీటర్లు. చీలిక ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లే అయితే దాని వెడల్పు ఎనిమిదిన్నరకు దగ్గరగా ఉండాలి, లేకపోతే దారి చివర గొంతు నొక్కినట్టవుతుంది. అందుకే మంచి కాడను లోపల విసనకర్రలాగా విస్తరింపజేస్తారు. సన్నని ఆకురాళ్లతో గంటసేపు చేసే ఈ పని బయటినుంచి చూసేవారికి కనిపించదు. కార్ఖానా పైపులకూ ఓపికగా చేసిన పైపులకూ మధ్య తేడా పట్టుకోదలచినవారు మొదట పంటిపట్టు రంధ్రంలోకి చూడాలి.

ఇక తేమ. పొగాకులో సహజంగా ఉన్న నీటికి మండడం వల్ల పుట్టే నీరు తోడవుతుంది. వేడి పొగ మెడలోకి వచ్చి చల్లబడగానే ఆ ఆవిరి నీటిబొట్లుగా గోడలకు పడుతుంది. కుసి చివరకూ బెజ్జం అడుగుకూ మధ్య ఖాళీ మిగిలితే, ఇరుకునుంచి హఠాత్తుగా విశాలంలోకి వచ్చిన పొగ అక్కడ సుడులు తిరిగి, వేగం తగ్గి, మరింత చల్లబడుతుంది. ఆ గదిలో నీరు నిలిచి, పీల్చినప్పుడల్లా గురగుర శబ్దం చేస్తుంది. కుసి పొడవును బెజ్జం లోతుకు అర మిల్లీమీటరు లోపు సరిపెట్టడమే దీనికి మందు. పొగదారి గుంతలోకి తెరుచుకునే చోటు కూడా అంతే కీలకం. అది సరిగ్గా అడుగున, నడిమధ్యలో తెరుచుకోవాలి. రెండు మిల్లీమీటర్లు పైకి వస్తే అడుగున తడి పొగాకు కాలకుండా మిగులుతుంది. మరీ కిందికి దిగితే గిన్నె అడుగు పలచబడి అక్కడే కాలుతుంది. వంకర పైపుల్లో ఈ దారిని ఏటవాలుగా వేయాలి కాబట్టి, ముక్క పక్కభాగం మీద పైపు బొమ్మను అసలు కొలతలతో గీసి, మధ్యరేఖలు కలిసే బిందువును పెన్సిలుతో గుర్తించి, ముక్కను ఆ కోణంలో బిగించాకే బరమా దింపుతారు. పెనవేసుకున్న నారలు పొడవాటి బరమాను పక్కకు లాగుతాయి. వేగం తగ్గించి, మాటిమాటికీ బయటికి తీసి పొడి దులపడం తప్ప దీనికి అడ్డదారి లేదు. గుంత తొలిచే వెడల్పాటి బరమా చివరను గుండ్రంగా అరగదీసుకుంటే అడుగు గిన్నెలాగా వస్తుంది, పొగాకు మూలల్లో మిగిలిపోదు. పంటిపట్టునుంచి దూర్చిన శుభ్రపరిచే తీగ ఎక్కడా తట్టుకోకుండా గుంతలో తేలితే రంధ్రాల పని పూర్తయినట్టే.

రంధ్రాలు ముందా, ఆకారం ముందా అన్న విషయంలో ఈ కళ రెండు బడులుగా చీలింది. కార్ఖానా సంప్రదాయం ముందు రంధ్రాలు వేసి, వాటి చుట్టూ ఆకారాన్ని తిప్పుతుంది. తరిణె మీద ఒకే రకం పైపులు వందలకొద్దీ తీయడానికి అదే మార్గం. స్వీడనులో పుట్టి కోపెన్‌హాగన్‌లో స్థిరపడిన సిక్స్‌టెన్ ఇవార్సన్ (1910-2001) పాత పైపుల మరమ్మతుతో మొదలై, ఈ క్రమాన్ని తలకిందులు చేశాడు. ఆయన కర్రలో నారలు సాగే తీరును చూసి ముందు ఆకారం చెక్కి, ఆ తర్వాత రంధ్రాలు వేశాడు. దానితో పైపు ఆకారానికి యంత్రం విధించిన హద్దులు తొలగిపోయాయి. 20వ శతాబ్దం రెండో సగంలో డేనిష్ శైలి పేరుతో ప్రపంచమంతా పాకిన స్వేచ్ఛారూపాలకు ఇది పునాది. అయితే వంపు తిరిగిన, పట్టుకు చిక్కని ముక్కలో గురితప్పకుండా రంధ్రం వేయడం ఆరితేరిన చేతికే సాధ్యం. కొత్తవారు ఇవార్సన్‌ను మెచ్చుకోవడం మంచిదే గాని, కార్ఖానా క్రమాన్ని పాటించడం క్షేమం.

కాడకు ఎక్కువగా వాడే పదార్థం ఎబొనైట్. సహజ రబ్బరుకు మూడో వంతు దాకా గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు గొలుసుల మధ్య గంధకం వంతెనలు కట్టి, గట్టి నల్లని పదార్థం ఏర్పడుతుంది. 1840ల్లో చార్లెస్ గుడ్‌యియర్ పేటెంటు పొందిన రబ్బరు గట్టిపరిచే పద్ధతిని అతని సోదరుడు నెల్సన్ ఈ దిశలో ముందుకు తీసుకుపోయాడు. ఎబొనైట్ పళ్లకు మెత్తగా తగులుతుంది, వేడిచేస్తే వంగుతుంది. వంచేటప్పుడు లోపలి దారి మూసుకుపోకుండా ఒక శుభ్రపరిచే తీగను అందులో ఉంచడం ఆనవాయితీ. వెలుతురూ తేమా తగిలితే దాని ఉపరితలపు గంధకం ఆక్సీకరణం చెంది పసుపుపచ్చగా మారి, నాలుకకు పుల్లగా తగులుతుంది. అక్రిలిక్ కాడ రంగు మారదు గాని, పళ్లకు రాయిలా ఉంటుంది.

మెరుగు, రంగు, పూత

ఆకారం వచ్చాక గరుకు కాగితంతో రుద్దడం మొదలవుతుంది. ముతక కాగితం మిగిల్చిన గీతలను దానికన్నా సన్న కాగితం చెరిపివేసేదాకా రుద్ది, తర్వాతి దానికి వెళ్లాలి. తొందరపడి ఒక మెట్టు దాటేస్తే రంగు పూశాక ఆ గీతలన్నీ తేలుతాయి. కాడను మెడలో బిగించి ఉంచే రుద్దాలి, లేకపోతే రెండింటి అంచులూ గుండ్రబడి అతుకు తెలిసిపోతుంది. చారలను ఎత్తిచూపడానికి స్పిరిటులో కలిపిన ముదురు రంగు పూసి, ఆరాక పైపైన రుద్దివేస్తారు. సాంద్రత తక్కువైన నారలు రంగును లోతుగా పీల్చుకొని నల్లగా మిగులుతాయి, గట్టివి తేలికపడతాయి, దాని మీద లేత రంగు వేస్తే రెండు ఛాయలు విడివిడిగా కనిపిస్తాయి. ఇదే సూత్రాన్ని లండను వ్యాపారి ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ సంస్థ మరోవిధంగా వాడుకుంది. ఇసుక పిచికారీ చేస్తే మెత్తని భాగాలు అరిగి గట్టి వలయాలు గట్లలాగా నిలుస్తాయని గుర్తించి, ఆ పద్ధతికి 1917లో పేటెంటు తీసుకుంది. లోపాలున్న కర్రను కప్పిపుచ్చే ఉపాయంగా కొందరు తీసిపారేసిన ఈ గరుకు ఉపరితలమే తర్వాత ఖరీదైన రకమైంది.

చివరి మెరుగుకు కార్నౌబా మైనం వాడతారు. బ్రెజిల్ తాటి ఆకులనుంచి వచ్చే ఈ మైనం 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. తేనెమైనం 62-64 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వేడెక్కిన గిన్నె మీద జిడ్డుగా మారుతుంది. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్కకడ్డీని అదిమిపెట్టినప్పుడు రాపిడి వేడికే లక్క కరిగి బొమ్మకు పట్టుకోవడం చూసినవారికి, అటువంటి మందపాటి లక్కపూత వేడి గిన్నెకు ఎందుకు పనికిరాదో వేరుగా చెప్పనక్కర్లేదు. పూత లేని కర్ర ఊపిరి తీసుకుంటుందనీ, అందుకే వార్నిషు వేయకూడదనీ ఔత్సాహికులు తరచుగా చెబుతారు. కర్రలో తేమ వ్యాపించే వేగాన్ని బట్టి చూస్తే, ఏడు మిల్లీమీటర్ల గోడను దాటడానికి దానికి గంటలు కాదు, రోజులు పడుతుంది. కాబట్టి తాగుతున్నంతసేపు గోడ ఊపిరి తీయదు. ఒకసారి వాడిన పైపును ఒకటి రెండు రోజులు పక్కన పెట్టాలన్న పాత నియమానికి మాత్రం ఈ లెక్కే సమర్థన.

గుంత లోపల కొత్త కర్రను కాపాడటానికి కార్ఖానాలు సోడియం సిలికేట్, బొగ్గుపొడి కలిపిన పూత వేస్తే, ఇంటి పనివారు పుల్లటి మజ్జిగలో సన్నని బొగ్గుపొడి కలిపి పూస్తారు. వింతగా తోచినా ఇందులో మంత్రమేమీ లేదు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి ఎండి బంకలాగా బొగ్గును పట్టి ఉంచుతుంది. కేసీన్‌తో కర్రలు అతికించడం వడ్రంగంలో చాలా పాత విద్య.

బ్రయర్ దొరకనిచోట ఇతర కర్రల మీదికి చూపు పోవడం సహజం. రెండో ప్రపంచయుద్ధంలో మధ్యధరా సరఫరా ఆగినప్పుడు అమెరికాలో మౌంటెన్ లారెల్, మాంజానిటా పొదల బుడిపెలతో పని నడిపారు. మిస్సోరీ రాష్ట్రంలోని వాషింగ్టన్ పట్టణంలో 19వ శతాబ్దంలో మొదలైన మొక్కజొన్న కంకి పైపుల పరిశ్రమ నేటికీ సాగుతోంది. బేరి, ఓలివ్ కర్రలు పనికివస్తాయి. కాని దొరికిన ప్రతి గట్టి కర్రనూ తొలిచి నోట పెట్టుకోకూడదు. గన్నేరులో గుండెను దెబ్బతీసే విషాలున్నాయి. రోజ్‌వుడ్‌గా పేరుపొందిన జిట్టరేగి కుటుంబపు కర్రల్లో చర్మానికి దద్దుర్లు తెప్పించే రసాయనాలుంటాయి. వేడి తగిలే గుంతలో అవి పొగతోపాటు బయటికి వస్తాయి.

పొగాకు పొగ సంగతి దాటవేయడం విజ్ఞానగ్రంథానికి తగదు. పైపు తాగేవారి పెదవులకు కాన్సరు వస్తోందని జర్మను వైద్యుడు సోమ్మరింగ్ 1795లోనే రాశాడు. నోరు, గొంతు, ఊపిరితిత్తుల కాన్సర్లతో పైపు పొగకు ఉన్న సంబంధం ఆ తర్వాత గట్టిగా రుజువైంది. శ్రీకాకుళం ప్రాంతంలో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ మీద 1960ల నుంచి జరిగిన అధ్యయనాలు అంగిటి కాన్సర్లను బయటపెట్టాయి. పైపులో నిప్పు నోటికి జానెడు దూరంలో ఉంటుంది, పొగలోని విషాలు మాత్రం ఆ దూరంలోనే ఆగిపోవు. చెక్కి, మెరుగుపెట్టి, ఒక్కసారీ నిప్పు ముట్టించకుండా అలమరలో ఉంచే చేతిపనివారు లేకపోలేదు. చేతిపనికి పొగ తప్పనిసరి కాదు.

పొగ మానేసినా పొడి మిగులుతుంది. ఇంగ్లండులోని హై వికమ్ ప్రాంతంలో కుర్చీలూ బల్లలూ చేసే పనివాళ్లలో ముక్కులోపలి కాన్సరు అసాధారణంగా ఎక్కువగా ఉందని 1960ల్లో గుర్తించారు. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కర్రపొడిని మనుషుల్లో కాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. బ్రయర్‌ను ఆకురాయి, సన్న కాగితం పట్టినప్పుడు లేచే పొడి కూడా కర్రపొడే. కాబట్టి ఈ పనిలో చేయి పెట్టదలచిన పాఠకులు బ్రయర్ ముక్కకన్నా ముందు ముక్కూ నోరూ బిగుతుగా మూసే మంచి ముసుగు కొనుక్కోవాలి, కిటికీ తెరిచిన గదిలో కూర్చోవాలి, పొడిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవాలి.